గల్లాపెట్టె వెనక మనం లేం

మొన్న మా బడి స్టాఫ్‌రూములో పెద్ద చర్చ జరిగింది. ఒక సీనియర్ సారు పాత అంగళ్లను తలచుకుని కళ్లు తుడుచుకున్నంత పని చేసినాడు. "ఆ కాలం శెట్టి అంగడే వేరప్పా! పేరు పెట్టి పిలిచేవాడు. పిల్లోని చేతిలో కొసరు బెల్లం పెట్టేవాడు. దుడ్లు లేకున్నా సరుకిచ్చి పంపేవాడు. ఇప్పుడు మాల్‌కు పోతే మన మొగం చూసేవాడు లేడు" అన్నాడు. కొత్తగా వచ్చిన కుర్ర సారు ఇంకో మాటన్నాడు: "మీవన్నీ పాత మాటలు సార్. ఇప్పుడే బాగుంది. అందరికీ ఒకే ట్రాలీ, అందరినీ సార్ అనే పిలుస్తారు. అంగట్లో ఇంక కులం యాడుంది?"

ఒకాయనకు నిన్న స్వర్గం. ఇంకొకాయనకు ఇయ్యాళ స్వర్గం. ఇద్దరూ నా దిక్కు చూసినారు. ఆ పొద్దు గంట కొట్టినారు, నేను క్లాసుకు పోయినాను. చెప్పాల్సిన జవాబు మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను. వాళ్లిద్దరికంటే ముందు మీరు వినాల్సిన జవాబు ఇది.

కొసరు బెల్లం ఎవరి చేతిలో పడింది?

నాకు ఏడెనిమిదేళ్లు. 1980ల మాట. కర్నూలుకు పడమటి దిక్కు పల్లె మాది. మా అమ్మ కూలి దుడ్లు కొంగున ముడేసుకుని, పొద్దు గూకినాక నన్ను ఎంటబెట్టుకుని అంగడికి పోయేది. అంగడికి మూడు మెట్లుండేవి. ఆ మూడు మెట్లూ మాకు కావు. కింద కాలవ పక్కన ఒక బండ. ఆ బండ మీద దుడ్లు పెట్టి ఎనక్కి జరగల్ల. అంగడాయన చెంబుతో నీళ్లు చల్లి దుడ్లు తీసుకునేవాడు. ఉప్పైనా, పప్పైనా అమ్మ కొంగు పట్టాల. ఆయన పైనుంచి జారవిడిచేవాడు. నూనెకు గిన్నె కింద పెడితే అంతెత్తు నుంచి పోసేవాడు. గిన్నెలో పడింది గిన్నెలో, చింది నేలన పడింది నేలన. నేల తాగిన నూనెకు కూడా దుడ్లు మావే.

ముందొచ్చినోళ్లం మేము. ముందు సరుకు తీసుకునేది ఊరోళ్లు. ఊరి నుంచి మనిషి వచ్చినప్పుడల్లా మేము ఇంకో అడుగు ఎనక్కి పోవల్ల. మా వంతు వచ్చేసరికి దీపం పెట్టేవాళ్లు.

పేరు పెట్టి పిలిచేవాడట! నిజమే, పిలిచేవాడు. మా నాయనది చక్కని పేరు. అంగడి ముందర ఆ పేరుకు ముందు "ఒరే", ఎనక కులం పేరు తగిలేవి. నడిమధ్య మా నాయన యాడున్నాడో ఆయనకే తెలియాల. కొసరు బెల్లం పిల్లోని చేతిలో పెట్టాలంటే ఆ చెయ్యి ముట్టుకోవల్ల గదా! మా చేతిలో యాడ పెడతాడు?

ఇంతవరకు చెబితే మన చదువుకున్న మిత్రులు "అయ్యో, ఎంత అవమానం" అని నిట్టూరుస్తారు. అవమానం అనే మాట దగ్గర ఆగొద్దు. ఆ దూరంలో లాభం ఉంది. బండ దగ్గర నిలబడినోనికి కాటా ముల్లు కనపడదు. పప్పులో పురుగుందో, బియ్యంలో రాయుందో, మిరక్కాయలు పోయినేటివో చూసి ఏరుకునే దారి లేదు. ఊరోళ్లు చేత్తో తీసి, నలిపి, వాసన చూసి, "ఇది వద్దు, అది ఎయ్యి" అనేవాళ్లు. వాళ్లు వద్దన్న సరుకు యాడికి పోతుంది? మా కొంగులోకి. మైల పేరు చెప్పి మనిషిని దూరంగా నిలబెడితే తూకం మిగులుతుంది, పుచ్చు సరుకు చెల్లిపోతుంది. అంటరానితనం ఒట్టి ఆచారం కాదు, అది ఒక యాపారం.

ఇంక అప్పు సంగతి. దుడ్లు లేకున్నా సరుకిచ్చేవాడట. ఎవరి పూచీ మీద? మాకు సెంటు భూమి లేదు. ఏ రెడ్డి దగ్గర మా నాయన జీతానికి ఉంటే ఆ రెడ్డి మాట మీద మాకు అప్పు పుట్టేది. రెడ్డికి కోపమొస్తే ఆ రాత్రి మా పొయ్యిలో పిల్లి లేచేది కాదు. సుగ్గికి పోయొచ్చి బాకీ కడితే ఎంత కట్టినామో, ఎంత మిగిలిందో పద్దు పుస్తకానికే ఎరుక. నేను నాలుగో తరగతికి వచ్చినాక మా అమ్మ ధైర్యం చేసి నన్ను ముందుకు తోసింది. "పిల్లోడు చదువుతాడు సామీ, లెక్క ఒకసారి చూపీండి" అంది. అంగడాయన పుస్తకం మూసినాడు. "ఏమే, లెక్కలడగనీకి వకీలును తెచ్చినావా?" అన్నాడు. ఆ నెల మాకు అప్పు పుట్టలేదు. గెంజి తాగి గడిపినాం. చదువుకు అంత భయపడేటోళ్లు ఉన్నారని నాకు ఆ పొద్దు తెలిసింది. తర్వాత డిగ్రీ చదివినా, బీఎడ్ చదివినా ఆ పాఠానికి మించింది ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

శెట్టి ఒక్కన్నే తిట్టుకుని ఊరుకుంటే తప్పు చేసినట్టే. మా అమ్మను మెట్టెక్కనిస్తే మర్నాటి నుంచి ఊరు ఆయన అంగడి మెట్టెక్కదు. అది ఆయనకూ తెలుసు, ఊరికీ తెలుసు. అంగడి ఒకని కులానిది, కట్టుబాటు ఊరందరిది. హోటలాయన రెండు గ్లాసులు పెట్టినా ఇదే లెక్క. ఒక గ్లాసు లోపల బల్ల మీద, ఇంకో గ్లాసు బయట చూరు కింద. తాగినాక మన గ్లాసు మనమే కడిగి బోర్లించల్ల. దుడ్లకు మాత్రం రెండు గల్లాపెట్టెలు లేవు!

మారింది పొట్లం

మరి ఆ బండ ఇప్పుడు లేదు గదా అంటారు. లేదు. ఎట్ల పోయిందో చూడండి.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయల కిలో బియ్యం తెచ్చింది. బియ్యం కోసం అంగడాయన దయ మీద బతికే అవసరం కొంత తగ్గింది. కార్డు మీద బియ్యం మన హక్కు. డీలరు గదిమినా, "స్టాకు లేదు పో" అన్నా, మనం అడుక్కోవడం లేదు, మనది మనం అడుగుతున్నాం. నిలబడే తీరులో తేడా అక్కడ మొదలైంది.

తర్వాత ప్యాకెట్లు వచ్చినాయి. రూపాయి షాంపూ, రూపాయి కాఫీపొడి, సబ్బు, బిస్కట్టు, ఉప్పు కూడా ప్యాకెట్టే. కాటా పోయింది, కొలత డబ్బా పోయింది. ధర పొట్లం మీదనే అచ్చేసి ఉంది. రెడ్డి కొడుక్కీ అదే ధర, మాదిగ పిల్లకూ అదే ధర. ఎత్తు నుంచి పోసే నూనె కూడా ప్యాకెట్టులోకి పోయింది. ముట్టుకునే అవసరం లేకుండా అమ్ముకునే ఏర్పాటు కంపెనీలే చేసిపెట్టినాయి.

రెండు గ్లాసుల కథా అంతే. మన సంఘాలు ఊరూరా గొడవ చేసినాయి, కేసులు పెట్టినాయి. జస్టిస్ పున్నయ్య కమిషన్ జిల్లాలు తిరిగి, అంటరానితనం ఎన్ని రూపాల్లో బతికి ఉందో 2001లో నివేదిక రాసిచ్చింది. హోటలాయన ఏం చేసినాడు? ఒకే గ్లాసు పెట్టినాడా? లేదు. అందరికీ పారేసే ప్లాస్టిక్ గ్లాసు పెట్టినాడు, తర్వాత పేపరు గ్లాసు పెట్టినాడు. తాగి పారేసేదానికి మైల లేదు. మనతో ఒక గ్లాసులో తాగడం కంటే ఊరంతా చెత్త చేసుకోవడమే నయమనుకున్నారు!

ఇప్పుడు అంగడి ముందర నల్లచుక్కల అట్ట వేలాడదీసినారు. ఫోనుతో కొడితే డబ్బాలోంచి "రూపాయలు ముట్టినాయి" అని ఆడమనిషి గొంతు వినపడుతుంది. దుడ్లు ముట్టినాయి. ముట్టించినోన్ని ముట్టుకోలేదు. మా అమ్మ బతికి ఉంటే నవ్వేది: "నాయనా, ఆ బండను తీసి ఫోనులో పెట్టినారా?" అనేది.

ఇదంతా మేలు కాదని నేననడం లేదు. ధర అచ్చేయడం మేలు. తూకం మోసం తగ్గడం మేలు. కాని దీన్ని చూపించి "మనుషులు మారినారు" అంటే ఒప్పుకోను. మారింది పొట్లం. మనసు మారిందో లేదో తెలియాలంటే మనం కొనేటప్పుడు చూస్తే చాలదు. మనం అమ్మేటప్పుడు చూడాల. ఆ సంగతికి వస్తా. ముందు మాల్ సంగతి చూద్దాం.

సార్ అన్నది ఎవరిని?

కుర్ర సారు చెప్పిన దాంట్లో నిజముంది. కర్నూలులోనో, కడప వైవీ స్ట్రీటులోనో, ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలోనో మన ఆడపిల్ల పది చీరలు తీయించి, మడత విప్పి, మీదేసుకుని అద్దంలో చూసుకుని, "వద్దు" అని లేచి రావచ్చు. మా అమ్మ తన బతుకులో ఒక్కసారి కూడా అంగట్లో "వద్దు" అనలేదు. వద్దనగలగడం చిన్న విషయం కాదు. అంబేద్కర్ పల్లెను పొగిడేవాళ్లతో రాజ్యాంగ సభలోనే ఎందుకు తగువు పెట్టుకున్నాడో, టౌనులో అడుగుపెట్టిన ప్రతి దళితునికీ తెలుసు. మనమెవరో తెలియని చోట మనకు గాలి ఆడుతుంది.

కాని ఆ గౌరవం యాడిదాకా? మనమెవరో తెలిసేదాకా. ఉద్యోగమొచ్చిన మొదటి నెల జీతంతో మా అమ్మకు చీర కొందామని టౌనులో ఒక అంగడికి పోయినాను. కూర్చోబెట్టి నీళ్లిచ్చినారు. "సార్, ఏం చేస్తారు సార్?" టీచరన్నాను. "ఏ ఊరు సార్?" చెప్పినాను. "ఊళ్లో యా ఈది సార్? ఇంటిపేరు?" అదీ చెప్పినాను. తర్వాత తీసిన చీరలన్నీ కింది అరలోవి. నోట "సార్" పోలేదు, చేతిలో తేడా వచ్చింది. "సార్" అన్నది నా జేబును. జేబులో ఏమీ లేనోన్ని గేటు దగ్గర కాపలా మనిషి ఏమంటాడో సుగ్గి నుంచి మూట నెత్తిన పెట్టుకుని దిగే మనోళ్లను అడగండి.

అద్దాల తలుపుకు అటుపక్క కూడా చూడండి. చీర మడతలు విప్పే ఆ పిల్ల ఎవరు? ట్రాలీలు తోసే పిల్లోడెవరు? గోడౌన్లో మూటలు మోసేదెవరు? మన వాడల పిల్లలు, బీసీ పిల్లలు, ముస్లిం పిల్లలు. నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి, ఇంటర్ ఆపేసి ఒక బట్టల మాల్‌లో చేరింది. పొద్దున పోతే రాత్రికి వస్తుంది. పొద్దంతా నిలబడాల. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోగూడదు, కెమెరాలో కనపడుతుంది. "సార్, నా కాళ్లు చూడండి" అని వాచిన పాదాలు చూపించింది. కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలోకి ఎక్కించినాయి. మన అంగళ్లలో ఆ పిల్లకు కుర్చీ ఏది? కుర్చీ తేవాల్సిన మన శాసనసభ 2025లో రోజు పనిని పది గంటల దాకా పెంచే సవరణ చేసింది. కొనేవానికి సోఫా, అమ్మేదానికి వాచిన కాళ్లు. ఆ రోజు మా అమ్మ మెట్ల కింద నిలబడింది. ఈ రోజు ఈ పిల్ల మెట్ల పైన నిలబడింది. కూర్చున్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ గల్లాపెట్టె వెనకోడే.

ఇంకొకటి. మన తాతలు తోలు ఊనబెట్టి కుట్టిన చెప్పులేసుకుని ఊరు నడిచింది. ఆ చెప్పును ముట్టుకుంటే మైలన్నారు. ఇయ్యాళ చెప్పుల షోరూము అద్దాల్లో మెరుస్తుంది. తోలు మైల పోయింది, ఎందుకంటే తోలు లాభం ఇంకొకని చేతికి పోయింది. కుట్టిన కులం మాత్రం బస్టాండు ముందర గొడుగు కింద సూది దారంతో అట్లే కూర్చుంది.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి

ఇప్పుడు అసలు పరీక్ష. మనం అమ్మితే ఎవరు కొంటారు?

మా పక్క ఊళ్లో మన పిల్లోడొకడు డిగ్రీ చదివి, ఉద్యోగం రాక, అప్పు చేసి రోడ్డు పక్కన హోటలు పెట్టినాడు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి, దోసె. శుభ్రంగా పెట్టినాడు. లారీలోళ్లు ఆపుకుని తిన్నారు, బస్సు దిగినోళ్లు తిన్నారు. బాగుందని మళ్లీ వచ్చినారు. ఊళ్లో వాళ్లు మొదటి వారం వచ్చినారు. హోటలు ఎవరిదని తెలిసినాక కాలు మళ్లలేదు. రుచి తెలిసినోడు తిన్నాడు, కులం తెలిసినోడు తినలేదు. మూడు నెలలకు పొయ్యి ఆరింది, అప్పు మిగిలింది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. ఏ కేసు పెట్టాల? ఊరకనే రాలేదు, అంతే!

కుర్ర సారూ, కులం యాడుందని అడిగినావు గదా? ఆరిపోయిన ఆ పొయ్యిలో ఉంది, పోయి చూడు.

ఇంకో పక్క కూడా చెప్పాల. 2021లో రేషన్ బియ్యాన్ని బండ్ల మీద ఇళ్ల దగ్గరికి పంపే పథకం వచ్చింది. రాష్ట్రమంతా 9,260 బండ్లు. అందులో ఎస్సీ కార్పొరేషన్ ద్వారా మన పిల్లలకు ఇచ్చినవి 2,300. మా మండలంలో మన పిల్లోడు బండి ఊరి నడివీధిలో నిలబెట్టి, కాటా పెట్టి, బియ్యం తూచి పోస్తుంటే నేను చూసినాను. పెద్దిళ్ల ఆడోళ్లు సంచి పట్టుకుని ఆ కాటా ముందర వరసలో నిలబడినారు. మా అమ్మ నిలబడిన ఊళ్లాంటి ఊళ్లోనే! ఆ పథకంలో లోపాలు లేవనను. బియ్యం పక్కదారి పట్టిందన్నారు, బండి వీధి చివర ఆపి అందరినీ రమ్మన్నారన్నారు. అవి జరిగిన చోట జరిగినాయి. కాని 2025 జూన్ 1 నుంచి బండ్లు ఆపేసి మళ్లీ డీలర్ల అంగళ్లకు మళ్లించినప్పుడు, ఆ కాటా పట్టిన చేతులేమైనాయి? బండ్లు తెచ్చినోళ్లకు మన ఓటు కావాల, తీసేసినోళ్లకూ మన ఓటే కావాల. కాటా మాత్రం మన చేతిలో ఉండగూడదు.

ఊరితో తగువొస్తే మొదట మూతబడేది ఏది? అంగడి. పనికి పిలవొద్దు, సరుకియ్యొద్దు, పిండి మర ఆడించొద్దు. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్న పాపానికి దళితులను వెలివేసినారు, పనులకు పిలవడం మానేసినారు. అంగడి మన చేతిలో లేనన్నాళ్లు మన కడుపు తాళంచెవి వాళ్ల మొలతాడుకే ఉంటుంది. అందుకే ఇది ఉప్పు పప్పు సంగతి కాదు. ఆత్మగౌరవం సంగతి, బతుకు సంగతి.

ఏం చేద్దాం?

ప్రతి డిసెంబరు 24న బడిలో వినియోగదారుల దినం చేస్తాం. "వినియోగదారుడే రాజు" అని పిల్లల చేత వ్యాసం రాయిస్తాం. తూకం తగ్గితే, సరుకు చెడితే అడిగే చట్టం 1986లో వచ్చింది, 2019లో కొత్తది చేసినారు. మంచిదే. మరి మనిషినే తక్కువ తూస్తే? దానికి వేరే చట్టాలున్నాయి, అవి మన వాడల్లో కంఠతా రావాల.

రాజ్యాంగం 15వ అధికరణం అంగట్లోకి, హోటల్లోకి పోయే హక్కును పేరు పెట్టి చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం ప్రకారం అంటరానితనం పేరుతో అంగట్లోకి రానీకున్నా, సరుకు అమ్మనన్నా నేరం. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అంగట్లోకి పోనీకుండా అడ్డుకోవడం, అందరూ వాడే గ్లాసూ ప్లేటూ వాడనీకపోవడం, అందరూ చేసే యాపారం మనల్ని చేయనీకుండా అడ్డుకోవడం, ఊరంతా కలిసి వెలివేయడం అన్నీ నేరాలే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. నెల నెలా 30వ తేదీన పల్లెల్లో పౌర హక్కుల దినం జరపాల. మీ ఊళ్లో ఎప్పుడు జరిపినారో తహసీల్దారును అడగండి. హోటలు దగ్గరికి అధికారులతో పాటు పోయి, లోపల బల్ల మీద కూర్చుని టీ తాగండి.

చట్టం ఒక్కటే చాలదు. సంఘం చేయాల్సిన పనులు ఇవి:

ఒకటి. పంచాయతీ, మున్సిపాలిటీ, మార్కెట్ యార్డు, బస్టాండు అంగడి గదులు ఎన్ని, ఎవరి పేరున ఉన్నాయి, బాడుగ ఎంత, ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద అడిగి రాసుకోండి. మన పేరు మీద గది, ఇంకొకని గల్లాపెట్టె ఉంటే బయట పెట్టండి. ఆ పేరు అమ్ముకున్నోడు మనోడైనా సరే, వదలొద్దు.

రెండు. రేషన్ డీలర్ల నియామకంలో ఎస్సీలకు రిజర్వేషన్ ఉంది. మీ డివిజన్లో మన వంతు అంగళ్లు ఎన్ని, అందులో కాటా నిజంగా పట్టుకున్నదెవరో లెక్క తీయండి.

మూడు. మాల్లో పనిచేసే మన పిల్లలకు కుర్చీ, సెలవు, కనీస వేతనం కోసం కార్మిక శాఖ ముందర కూర్చుందాం. వాళ్లు కూర్చునేదాకా మనం లేవొద్దు.

నాలుగోది మనకే. వాడలో మన అక్క చిన్న బంకు పెట్టుకుంటే, ఫోను చేసి కంపెనీ సరుకు తెప్పించుకునే మన ఉద్యోగులు ఎంతమంది ఆ బంకులో ఉప్పు కొంటున్నారు? నన్నూ కలిపే అడుగుతున్నాను. మాల హోటలైతే మాదిగలు, మాదిగ హోటలైతే మాలలు పోకుండా ఉన్న ఊళ్లు లేవా? ఊరోడు మన పొయ్యి ఆర్పినాడని ఏడుస్తాం, మనోని పొయ్యి మనమే ఆర్పుతాం. ఈ తప్పు ముందు కడుక్కోవల్ల.

సీనియర్ సారూ, మీ కొసరు బెల్లం మీరే ఉంచుకోండి. కుర్ర సారూ, నీ ట్రాలీ నువ్వే తోసుకో. మాకు కావాల్సింది మెట్టు మీద కాలు పెట్టే అనుమతి కాదు, నోటితో పెట్టే "సార్" కాదు. ఊరి నడివీధిలో మా అంగడి, మా చేతిలో కాటా, మా పిల్ల రాసే పద్దు కావాల. ఆ పిల్ల పుస్తకం ఎవరడిగినా తెరిచి చూపిస్తుంది. ఆ అంగడికి మెట్ల కింద బండ ఉండదు.

జై భీం.